గ్యాస్ ఉంది, దారి లేదు: మన కింది రాళ్ల కథ

ఇవాళ గుళ్లు లేవు, రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఇవాళ రాయి చరిత్ర. వెంటనే స్క్రోల్ చేసేయకండి, ఇందులో మీ బోరు నీళ్లున్నాయి, మీ వంటగ్యాస్ ఉంది, అమెరికా ఉంది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు బైక్ మీద వెళ్తుంటే అక్కడక్కడ తవ్విన చోట పలకలు పలకలుగా విడిపోయే రాయి కనిపిస్తుంది. బిస్కెట్ విరిచినట్టు విరుగుతుంది. దాని పేరు షేల్. ఎప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న బురద, మీద బరువు పడీ పడీ రాయి అయింది. అమెరికా వాళ్లు గ్యాస్ తీసి ప్రపంచ మార్కెట్‌ని తలకిందులు చేసింది ఇలాంటి రాయిలోంచే. మరి మన షేల్‌లో గ్యాస్ ఎందుకు లేదు? ఇంకో ప్రశ్న. గోదావరి జిల్లాల కింద షేల్‌లో గ్యాస్ నిండా ఉందని 2011, 2013లో పేపర్లన్నీ రాశాయి గదా, అదేమైంది?

రెండూ ఒకే ప్రశ్న కాదు. మొదటిదాంట్లో అసలు సరుకే లేదు. రెండోదాంట్లో సరుకుంది, బయటికొచ్చే దారి లేదు. ఆ దారిని తేల్చేది రాయి దేనితో తయారైందన్నది. ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు ఒక మనిషిని పరిచయం చేయాలి. విలియం కింగ్. 19వ శతాబ్దంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేశాడు, తర్వాత దానికి డైరెక్టర్ కూడా అయ్యాడు. వాళ్ల నాన్న పేరు కూడా విలియం కింగే, ఐర్లండ్‌లోని గాల్వేలో ప్రొఫెసర్. నియాండర్తల్ మనిషికి ఆ శాస్త్రీయ నామం 1864లో పెట్టింది ఆ తండ్రే. కొడుకు మన రాళ్లకి పేర్లు పెట్టాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గుందని గుర్తించింది ఈయనే, సింగరేణి కథ అక్కడే మొదలు. 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చయింది. మన కృష్ణ ఒడ్డు సున్నపురాయి, షేల్ ఆ కుటుంబంలోవే. తర్వాత 1880లో గోదావరి జిల్లా రాళ్ల మీద ఇంకోటి. అక్కడి పొరలకి గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అని దగ్గరి ఊళ్ల పేర్లే పెట్టాడు. ఆ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు, ద్వారకా తిరుమల, మన చిన్న తిరుపతి.

ఒకే మనిషి, పదేళ్ల వ్యవధిలో, తెలుగు నేల మీది బొగ్గునీ సున్నపురాయినీ షేల్‌నీ కాగితం మీదికి ఎక్కించాడు. రాఘవాపురం షేల్ అనే పేరు 130 ఏళ్ల తర్వాత గ్యాస్ కోసం వెతికే వాళ్ల ఫైళ్లలోకి ఎక్కుతుందని ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

సరే, ఇప్పుడు మన మూడు ఊళ్ల రాళ్లు చూద్దాం. ఇవి తెలిస్తే షేల్ సులువుగా అర్థమవుతుంది.

సూర్యాపేట కింద ఉన్నది గ్రానైటు, దాని చుట్టాలు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసు. కరిగిన ద్రవం నెమ్మదిగా చల్లారి, స్ఫటికాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయి గట్టిపడ్డ రాయి. మధ్యలో ఖాళీ అంటూ మిగల్లేదు. పిల్లలమర్రి గుళ్లకి వెళ్లిన వాళ్లు ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూసే ఉంటారు. 800 ఏళ్ల వానలు చూసినా ఆ మెరుపు ఇంకా ఉందంటే శిల్పి గొప్పతనం ఎలాగూ ఉంది, రాయి గుణం కూడా ఉంది. ఇలాంటి రాళ్లలో రంధ్రాలు సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండవు. నీరు లోపలికి పోవడానికి చోటే లేదు.

మరి సూర్యాపేటలో బోరు వేస్తే నీళ్లెక్కడివి? రాతిలోవి కావు, రాతి పగుళ్లలోవి. అందుకే ఒకాయన పొలంలో 200 అడుగులకే నీళ్లు పడతాయి, పక్కాయన 600 అడుగులు వేసినా దుమ్మే లేస్తుంది. పగులు తగిలితే అదృష్టం, లేకపోతే అప్పు.

ఇక్కడే మన ప్రాంతపు అతి పెద్ద విషాదం కూడా ఉంది. ఈ గ్రానైట్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు, అంటే ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకంలో ఒక రకం, ఇవన్నీ ఉంటాయి. పగుళ్లలో నీరు పరుగెత్తదు, ఏళ్ల తరబడి రాయిని రాసుకుంటూ అక్కడే ఉంటుంది. నెమ్మదిగా ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వంగిన నడుములు, కట్టెల్లా బిగిసిన కీళ్లు ఎంతమందివో మీకు చెప్పక్కర్లేదు. 1955లోనే నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేస్తే దానికి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఒక జిల్లా పేరు ప్రపంచ సైన్సు పుస్తకాల్లోకి ఇలా ఎక్కడం గర్వపడే సంగతి కాదు.

ఈ విషాదం ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, రాతిలో ఏ ఖనిజం ఉంది, రాతిలో దారి ఎలా ఉంది అనేవి ల్యాబ్ మాటలు కావు. మన దగ్గర మనుషుల ఎముకల మీద రాసిన మాటలు అవి.

కోదాడ దాటి మేళ్లచెరువు వైపు, మిర్యాలగూడ నుంచి వాడపల్లి వైపు వెళ్తే రాయి మారుతుంది. సున్నపురాయి మొదలవుతుంది. అందుకే ఆ దారి పొడుగునా సిమెంటు ఫ్యాక్టరీలు. ఇది కూడా చేత్తో పట్టుకుంటే గట్టి రాయే, ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఈ జాతివే. కానీ దీనికి ఒక బలహీనత ఉంది. వాన నీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ కొద్దిపాటి ఆమ్లం అవుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. సన్నని పగులు కొన్ని వేల ఏళ్లకి గొట్టమవుతుంది, లక్షల ఏళ్లకి గుహ అవుతుంది. కింగ్ వర్ణించిన ఆ కర్నూలు రాళ్ల కుటుంబంలోనే బెలుం గుహలున్నాయి, మూడు కిలోమీటర్లకు పైనే పొడవు. గ్రానైటుకి అలాంటి గుహ రాదు. రెండు రాళ్ల మీదా పడింది ఒకే వాన. తేడా అంతా ఖనిజంలో ఉంది.

ఇప్పుడు బురద రాయి దగ్గరికి వద్దాం.

రెండు మాటలు తెలియాలి. ఒకటి పోరాసిటీ, అంటే రాతిలో ఖాళీ ఎంత. రెండోది పర్మియబిలిటీ, అంటే ఆ ఖాళీల గుండా ద్రవమో గ్యాసో ఎంత సులువుగా పారుతుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కొత్త టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ చూడండి. దాంట్లో నూటికి తొంభై పాళ్లకి పైగా గాలే. కానీ దాని మీద నీళ్లు పోస్తే అవతలికి రావు. ఎందుకంటే ఒక బుడగకీ ఇంకో బుడగకీ మధ్య తలుపు లేదు. స్పాంజిలో తలుపులున్నాయి.

మిర్యాలగూడ రైతుకి ఈ తేడా ఏ బీటెక్ లేకుండానే తెలుసు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదలగానే పొలంలో ఏం చేస్తారు? దమ్ము చేస్తారు. నీళ్లు పెట్టి, ట్రాక్టరు కేజ్ వీల్స్‌తో మట్టిని పేస్టులా కలిపేస్తారు. ఎందుకు? మట్టి రేణువుల మధ్య ఉన్న దారులన్నీ చెడగొట్టడానికి. దమ్ము చేసిన మడిలో మట్టి నిండా నీళ్లే, కానీ ఆ నీరు కిందికి ఇంకదు. ఖాళీ బోలెడు, దారి మాత్రం సున్నా. అదే చెల్క భూమిలో చేయండి, ఇసుక పాలు ఎక్కువ కాబట్టి ఎంత దున్నినా నీరు నిలవదు. చెరువు కట్టలకి బంకమట్టి వాడింది కూడా ఈ గుణం కోసమే. అంటే మన వాళ్లు వందల ఏళ్లుగా చేస్తున్నది పర్మియబిలిటీ ఇంజనీరింగే. పేరు మాత్రం వేరే దేశాయన పెట్టాడు. ఫ్రాన్స్‌లో దిజాన్ అనే ఊరికి మంచినీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ, 1856లో ఇసుక గొట్టంలోంచి నీరు ఎంత వేగంగా దిగుతుందో కొలిచి సూత్రం రాశాడు. ఇవాళ్టికీ రాయి దారి ఇచ్చే గుణాన్ని డార్సీల్లోనే కొలుస్తారు.

మంచి ఇసుకరాయి అయితే డార్సీలో పదో వంతు అటూ ఇటూ దారి ఇస్తుంది. గ్యాస్ షేల్ ఇచ్చే దారి నానోడార్సీల్లో ఉంటుంది. నానో అంటే వంద కోట్లలో ఒక వంతు. ఇసుకరాయి నాలుగు లైన్ల హైవే అనుకుంటే షేల్ చీమల బారు కూడా కాదు.

లోపల ఏముందో చూద్దాం. షేల్‌లో ముఖ్యంగా నాలుగు సరుకులుంటాయి. బంకమన్ను ఖనిజాలు, క్వార్ట్జ్ అంటే ఇసుక జాతి సిలికా, సున్నపు జాతి కార్బొనేట్లు, ఇంకా చచ్చిపోయిన జీవపదార్థం. ఈ చివరిదాన్ని కెరోజెన్ అంటారు, గ్యాస్ పుట్టేది దీంట్లోంచే. ఈ నాలుగిటి పాళ్లు ఎలా కలిశాయన్నదే మొత్తం కథ. మన పప్పుచారులాగే, దినుసులు అవే, ఎవరింట్లో రుచి వాళ్లది.

బంకమన్ను సంగతి తీసుకోండి. దాని కణాలు గుండ్రంగా ఉండవు, రేకుల్లా ఉంటాయి. విస్తరాకుల కట్ట మీద బరువు పెట్టినట్టు, పైన వేల అడుగుల రాయి పడేసరికి ఆ రేకులన్నీ ఒకదాని మీద ఒకటి అణిగిపోతాయి. మిగిలేవి సన్నటి చీలికలు. అడ్డంగా అయితే కొంచెం పారుతుంది, నిలువుగా పైకి రావడం చాలా కష్టం. పైగా ఈ రేకులకి నీరంటే ప్రాణం. ఉన్న కాస్త చీలికలోనూ నీటి పొర అంటుకుని కూర్చుంటుంది, గ్యాస్‌కి చోటు తగ్గిపోతుంది. కొన్ని రకాల బంకమన్ను అయితే నీరు తగిలితే ఉబ్బుతుంది కూడా. మన నల్లరేగడి తెలుసు కదా, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వాన పడగానే ఉబ్బి మూసుకుపోతాయి. దానికి కారణం స్మెక్టైట్ అనే ఖనిజం. అది భూమి లోతుకి వెళ్లి వేడెక్కితే ఇల్లైట్ అనే ఇంకో ఖనిజంగా మారుతుంది. ఇల్లైట్ కొన్నిచోట్ల వెంట్రుకల్లా పెరిగి రంధ్రాల నోళ్లకి అడ్డంపడుతుంది.

క్వార్ట్జ్ తీరు వేరు. అది గట్టిది, అణగదు. రేకుల మధ్య గుంజల్లా నిలబడి చిన్న ఖాళీలు కూలిపోకుండా కాపాడుతుంది. ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవుల గుల్లల నుంచి వచ్చిన సిలికా అయితే మొదట్లోనే గట్టిపడి అస్థిపంజరంలా నిలుస్తుంది. కార్బొనేట్ మాత్రం రెండు వైపులా ఉంటుంది. కొన్నిచోట్ల కరిగి కొత్త రంధ్రాలిస్తుంది, కొన్నిచోట్ల సిమెంటులా పేరుకుని ఉన్నవి పూడ్చేస్తుంది.

ఇక కెరోజెన్. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. రాయి లోతుకి దిగి వంద డిగ్రీలు దాటి ఉడికేకొద్దీ కెరోజెన్ నూనెగా, గ్యాస్‌గా విడిపోతుంది. అలా విడిపోయినప్పుడు దాని ఒంటి నిండా బుడగల్లాంటి రంధ్రాలు పడతాయి, పూరీలో గాలి చేరినట్టు. అంటే గ్యాస్ తను పుడుతూ తన గదిని తనే కట్టుకుంటుంది. ఆ గదుల సైజు ఎంతంటే చాలావరకు 5 నుంచి కొన్ని వందల నానోమీటర్లు. మీ ఫోన్ డబ్బా మీద 4 నానోమీటర్ చిప్ అని గొప్పగా రాస్తారే, ఆ నానోమీటరే. చిప్ విషయంలో అది మార్కెటింగ్ పేరు, అసలు కొలత కాదు, ఆ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం. షేల్‌లో మాత్రం నిజం కొలతే. మీథేన్ అణువు సైజు 0.38 నానోమీటరు. కాబట్టి ఒక్క అణువు పట్టదని కాదు, పడుతుంది. కానీ చాలా గ్యాస్ గోడలకి అంటుకుని ఉంటుంది, పులుసు వాసన దుప్పటికి పట్టినట్టు. ఒత్తిడి బాగా తగ్గితే తప్ప వదలదు.

ఈ రంధ్రాలని మనుషులు సరిగ్గా చూసిందే ఈమధ్య. అంతకుముందు రాయిని అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్లు. అరగదీస్తే మెత్తని కెరోజెన్ ఒకలా, గట్టి క్వార్ట్జ్ ఒకలా అరిగి ఏది రంధ్రమో ఏది గీతో తెలిసేది కాదు. తర్వాత ఆర్గాన్ అయాన్ల ధారతో రాయిని నున్నగా కోసే పద్ధతి వచ్చింది. 2009లో లౌక్స్, ఆయన సహచరులు టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌ని అలా కోసి, రంధ్రాల్లో ఎక్కువ భాగం కెరోజెన్ లోపలే ఉన్నాయని ఫొటోలతో చూపించారు. చూడండి విచిత్రం, అప్పటికి బార్నెట్‌లోంచి గ్యాస్ తీయడం మొదలై పాతికేళ్లు దాటింది. లోపల ఎలా ఉందో చూడకుండానే తీసేశారు.

అసలు అమెరికాలో మొదటి గ్యాస్ బావే షేల్‌లో తవ్వారు. 1821, న్యూయార్క్ రాష్ట్రం, ఫ్రెడోనియా అనే ఊరు. విలియం హార్ట్ అనే ఆయన వాగు పక్కన బుడగలొస్తున్న చోట 27 అడుగులు తవ్వాడు. ఆ గ్యాస్‌తో ఊళ్లో దీపాలు వెలిగాయి. తర్వాత నూటయాభై ఏళ్లు షేల్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే ఇసుకరాయిలో గ్యాస్ సులువుగా దొరికేది. టెక్సస్‌లో జార్జ్ మిచెల్ అనే వ్యాపారి 1981లో బార్నెట్ షేల్ మీద పడ్డాడు. సుమారు 17 ఏళ్లు డబ్బు పోస్తూనే ఉన్నాడు. మొదట చిక్కటి జెల్ పంపి రాయిని పగలగొట్టారు, ఖర్చు తడిసిమోపెడు, గ్యాస్ అంతంతే. 1997, 98 ప్రాంతంలో జెల్ మానేసి, కొద్దిగా రసాయనం, కొద్దిగా ఇసుక కలిపిన పల్చటి నీళ్లు భారీ ఒత్తిడితో కొట్టి చూశారు. అది పనిచేసింది. 2002లో డెవాన్ అనే కంపెనీ మిచెల్ కంపెనీని కొని, బావుల్ని అడ్డంగా తవ్వడం కలిపింది. ఆ తర్వాతది మీకు తెలిసిందే.

ఈ కథని చాలామంది ఒక మొండి మనిషి విజయంగా చెప్తారు. మిచెల్ మొండితనం నిజమే. కానీ రాయికి కూడా సగం మార్కులు ఇవ్వాలి. బార్నెట్‌లో బాగా పండిన పొరల్లో సిలికా దాదాపు సగం దాకా ఉంటుంది, బంకమన్ను మూడో వంతుకి లోపు. అలాంటి రాయి మీద ఒత్తిడి కొడితే ఎండిన అప్పడంలా ఫెళ్లున వంద ముక్కలు అవుతుంది, ప్రతి పగులూ గ్యాస్‌కి ఒక కొత్త వీధి. బంకమన్ను ఎక్కువున్న షేల్ మీద కొట్టండి, తడిపిన పిండిలో వేలు గుచ్చినట్టు ఉంటుంది. గుంట పడుతుంది, నెమ్మదిగా మూసుకుంటుంది. పగులు తెరిచి ఉంచడానికి పంపిన ఇసుక రేణువులు కూడా మెత్తటి గోడల్లో కూరుకుపోతాయి.

పోలండ్ వాళ్లు ఈ పాఠం ఖరీదుగా నేర్చుకున్నారు. 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈఐఏ, పోలండ్‌లో 187 ట్రిలియన్ ఘనపుటడుగుల షేల్ గ్యాస్ తీయొచ్చని అంచనా వేసింది. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. దేశమంతా పండగ. 2012లో ఎక్సాన్‌మొబిల్ సంచి సర్దుకుంది, 2013లో ఈఐఏ అంచనాని 148కి దించింది, 2015లో షెవ్రాన్ కూడా వెళ్లిపోయింది.

అదే 2011 నివేదికలో మన దేశానికి 63 ట్రిలియన్ ఘనపుటడుగులు రాశారు. 2013లో దాన్ని 96కి పెంచారు, అందులో పెద్ద వాటా కృష్ణా గోదావరి బేసిన్‌దే. మధ్యలో 2012లో అమెరికా ప్రభుత్వానిదే ఇంకో సంస్థ, యూఎస్ జియలాజికల్ సర్వే, మన మూడు బేసిన్లు చూసి 6.1 ట్రిలియన్ అంది. 96 ఎక్కడ, 6 ఎక్కడ! లెక్కపెట్టిన పొరలు వేరు, బేసిన్లు వేరు, పద్ధతి వేరు, నిజమే. కానీ మన పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది ఏ నంబరో మీరే ఊహించుకోండి. ఇంకో సంగతి, ఇవన్నీ సాంకేతికంగా తీయగలిగే గ్యాస్ అంచనాలు. లాభానికి తీయగలిగే గ్యాస్ అని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంతకీ గోదావరి కింద ఉన్న షేల్ ఎలాంటిది? రెండు ముఖ్యమైన పొరలున్నాయి. అడుగున కొమ్ముగూడెం, 25 కోట్ల ఏళ్లు దాటినది. సింగరేణి బొగ్గు పుట్టిన యుగంలోనే, చిత్తడి అడవులు, నదుల బురద కలిసి ఏర్పడింది, అందుకే దాంట్లో బొగ్గు పొరలు కూడా ఉంటాయి. దాని పైన, డైనోసార్ల కాలంలో, సముద్రం లోపలికి వచ్చినప్పుడు పేరుకున్నది రాఘవాపురం షేల్. కింగ్‌కి నేల మీద దొరికిన అదే పొర, డెల్టా వైపు వచ్చేసరికి వేల మీటర్ల లోతుకి దిగిపోయింది. రెండిట్లోనూ జీవపదార్థం ఉంది, రెండూ ఉడికాయి. గ్యాస్ పుట్టిందన్న దాంట్లో సందేహం లేదు. పుట్టినదాంట్లో కొంత కోట్ల ఏళ్లలో నెమ్మదిగా జారిపోయి దగ్గర్లోని ఇసుకరాళ్లలో చేరింది. మండపేటలో ఓఎన్‌జీసీ తీస్తున్న గ్యాస్ కొమ్ముగూడెం నుంచి వచ్చి ఇసుకరాయిలో నిలవున్నదే.

ఇసుకరాయిలో చేరిన గ్యాస్ ఎలా ఉంటుందో కోనసీమకి బాగా తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి చేయి జారింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ రాయిలో దారి ఉంది, లోపల ఒత్తిడి ఉంది, మనిషి ఆపలేకపోయాడు. అదే జిల్లాల కింద, అదే బేసిన్‌లో, షేల్ లోపలి గ్యాస్ మాత్రం బతిమాలినా రాదు. ఒకే వంటింట్లో తయారైన గ్యాస్, ఉన్న పాత్ర మారేసరికి ఇంత తేడా.

సాధారణంగా నదులూ చిత్తడి నేలలూ పేర్చిన షేల్‌లో బంకమన్ను పాలు ఎక్కువ, సముద్రపు షేల్‌లో సిలికా ఎక్కువ ఉంటుందని పరిశ్రమ వాళ్ల అనుభవం. ఈఐఏ వాళ్లు కూడా దేశదేశాల షేల్‌ని వడపోయడానికి ఈ లెక్కే వాడారు. ఆ లెక్కన కొమ్ముగూడెం మొదటి వడపోతలోనే ఇబ్బంది పడే రకం. మన దేశంలో షేల్ నుంచి మొదటిసారి గ్యాస్ వచ్చింది 2011 జనవరి 25న, బెంగాల్‌లో దుర్గాపూర్ దగ్గర ఇచ్ఛాపూర్‌లో, ఓఎన్‌జీసీ బావిలో, సుమారు 1,700 మీటర్ల లోతున. ఆ పొర పేరు బ్యారెన్ మెజర్స్, అంటే గొడ్డు పొర. బొగ్గు లేదని పూర్వం పెట్టిన పేరు. గొడ్డు పొరలో గ్యాస్ పడిందని అందరూ సంబరపడ్డారు. 2013 అక్టోబర్‌లో కేంద్రం షేల్ విధానం తెచ్చింది, మొదటి విడతలో ఓఎన్‌జీసీకి 50 బ్లాకులు కేటాయించింది. కాంబే, కృష్ణా గోదావరి, కావేరీ బేసిన్లలో బావులు తవ్వి రాళ్ల నమూనాలు పైకి తీసి చూశారు. 2018లో ప్రైవేటు కాంట్రాక్టర్లు కూడా వాళ్ల బ్లాకుల్లో షేల్ వెతుక్కోవచ్చని అన్నారు. ఇదంతా జరిగి ఇన్నేళ్లయినా దేశంలో వాణిజ్యపరంగా షేల్ గ్యాస్ ఉత్పత్తి మొదలవలేదు.

తప్పంతా రాయి మీదే వేయను. మన దగ్గర భూమి చిన్న చిన్న కమతాలు, అమెరికాలోలా వేల ఎకరాల పశువుల మైదానాలు కావు. ఒక్కో బావిని పగలగొట్టడానికి కోటి లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు కావాలి, చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు. డెల్టాలో ఆ నీటికి వరి ఉంది, చేపల చెరువులున్నాయి. తిరిగి పైకొచ్చే ఉప్పునీటిని ఎక్కడ పోస్తారన్నది ఇంకో తలనొప్పి. కానీ రాయి బాగుంటే కంపెనీలు వీటన్నిటికీ ఏదో ఒక దారి వెతికేవి, టెక్సస్‌లో వెతికినట్టే. బంకమన్ను ఎక్కువైతే ఎక్కువ బావులు తవ్వాలి, ఎక్కువ నీళ్లు కొట్టాలి, తక్కువ గ్యాస్ వస్తుంది. ఆ లెక్క దగ్గరే ఆగిపోతారు. అందుకే ఫలానా జిల్లా కింద ఇన్ని లక్షల కోట్ల గ్యాస్ అని ఎవరైనా ఫార్వర్డ్ పంపిస్తే, ఎంత ఉంది అని నేను అడగను. రాతిలో బంకమన్ను ఎంత, సిలికా ఎంత అని అడుగుతాను. ఇప్పటిదాకా నాకు ఒక్కరూ తిరిగి మెసేజ్ పెట్టలేదు.

ఇగ మొదటి ప్రశ్న మిగిలింది. మన హుజూర్‌నగర్ షేల్. ఆ రాళ్ల వయసు మీద శాస్త్రవేత్తల్లో వాదనలున్నాయి, కానీ భూమి మీద చెట్టూ చేమా పుట్టడానికి చాలా ముందువి అన్న దాంట్లో తేడా లేదు. అప్పటికి ఉన్న జీవమంతా నీళ్లలో పాచి, సూక్ష్మజీవులు. కొమ్ముగూడేనికి అడవులు దొరికాయి, దీనికి దొరకలేదు. దానికితోడు ఇన్ని కోట్ల ఏళ్లలో పైన ఉన్న రాయి కొట్టుకుపోయి ఇది నేల మీదికి తేలింది. ఎప్పుడైనా కాస్త గ్యాస్ పుట్టి ఉన్నా నిలవడానికి మూత లేదు. అంత పాత రాళ్లలో గ్యాస్ అసలు ఉండదని కూడా కాదు. మధ్యప్రదేశ్‌లో వింధ్య రాళ్లలో, దమోహ్ వైపు, ఓఎన్‌జీసీకి గ్యాస్ తగిలింది, అక్కడా రాయి మహా బిగుతు. కడప బేసిన్ కూడా ప్రభుత్వ బేసిన్ల జాబితాలో ఉంది, పట్టికలో అడుగు వరసలో. ఇప్పటివరకు దాంట్లోంచి ఒక్క వాణిజ్య బావి కూడా లేదు.

కాబట్టి మన వైపు ఆ రాళ్లలో సున్నపురాయి సిమెంటు బస్తాల్లోకి పోతుంది, షేల్ దాని పక్కన గుట్టగా పడి ఉంటుంది. గోదావరి వైపు కొమ్ముగూడెం షేల్‌ని పగలగొట్టి గ్యాస్ తీసేవాళ్లు ఇంకా రాలేదు. అది మనుషులు పుట్టకముందు తనంతట తాను వదిలేసిన గ్యాస్ మాత్రం మండపేట ఇసుకరాయిలోంచి వస్తోంది.